పేరిస్‌లో కొసరు వెయ్యరట

శ్రీకాకుళం రైతుబజారులో కిలో వంకాయలు తూయించుకుని, డబ్బులిచ్చేసి, అయినా అక్కడే నిలబడి ఉన్న మనిషి కనిపిస్తే వాడికి వేరే పనిలేదనుకోకండి. వాడు కొసరు కోసం చూస్తున్నాడు. త్రాసు ముల్లు సరిగ్గా మధ్యలో ఆగితే మా లెక్కలో దాన్ని తూకమనరు, అవమానమంటారు. తట్ట మనవైపు వాలాలి. వాలాక పైన ఇంకో రెండు కాయలు పడాలి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటాలొచ్చి ముల్లు పోయింది గానీ కొసరు పోలేదు. పైగా దానికి మర్యాద పెరిగింది. తెరమీద ఒక కిలో అని అంకె పడ్డాక వేసిన కాయలు లెక్కలోవి కావని ఇప్పుడు పదిమందికీ కనిపిస్తుంది కదా.

1894లో పుట్టిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి ఇంతవరకూ ఈ సంగతి బోధపడలేదు. వాళ్ల ఆఫీసు స్విట్జర్లాండ్‌లో, లోజాన్‌లో ఉంది. గడియారాలు చేసే దేశంలో కాపురం పెట్టినవాళ్లకి బుద్ధి అలాగే ఏడుస్తుంది. సెకనుని నూరు ముక్కలు చేసి, అందులో ఒక ముక్క చేత్తో పట్టుకుని మనిషి బతుకు తేల్చేస్తారు. అదే ఆఫీసు మా ఏడు రోడ్ల కూడలిలో ఉండి ఉంటే? ‘బయల్దేరిపోయాను, దారిలో ఉన్నాను’ అన్నవాడికి ముప్పావుగంట దాకా గడువిచ్చే ఊరు మాది. ఈ లెక్కన కొలిస్తే 1984లోనే ఉషకి పతకం వచ్చి ఉండేది.

లాస్ ఏంజిలస్, ఆడవాళ్ల 400 మీటర్ల హర్డిల్స్. ఒలింపిక్స్‌లో ఆ పోటీ పెట్టడం అదే మొదలు. మూడో స్థానంలో వచ్చిన రొమేనియా అమ్మాయి 55.41 సెకన్లు, పి.టి. ఉష 55.42. అప్పటికి మా వీధిలో టీవీ లేదు. ఆ పరుగు మేమందరం తర్వాత పేపర్లోనే పరిగెత్తాం. “సెకన్లో నూరో వంతంటే ఎంత నాన్నా?” అనడిగితే మా నాన్న చిటికె వేసి “ఇంత” అన్నారు. కాసేపాగి, “ఇంత కూడా కాదురా” అన్నారు. ఆ తర్వాత ఆ పూట అన్నం తినేటప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అక్కడి తిండి పడక గంజీ పచ్చడితో నెట్టుకొచ్చానని, ఆఖర్లో ఓపిక చాలలేదని ఉష చాలా ఏళ్లకి చెప్పుకున్నారు. గంజి తాగి పొలానికెళ్లిన జిల్లా మాది. ఆ మాట మాకు తగిలినట్టు ఇంకెవరికీ తగిలి ఉండదు.

ఇక మా సొంత సంగతికొస్తాను. 2000 సెప్టెంబర్ 19, మంగళవారం, సిడ్నీ. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తలమీదికి) 110, క్లీన్ అండ్ జెర్క్ (భుజాల దాకా ఒకసారి, తలమీదికి ఇంకోసారి) 130, వెరసి 240 కిలోలెత్తి కంచు పతకం పట్టుకొచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌కి ఒలింపిక్స్ తలుపు తీసిందే ఆ ఏడు. వందకోట్ల దేశానికి ఆ సిడ్నీ నుంచి వచ్చింది ఆ ఒక్క పతకమే. కంచే కదా అని పెదవి విరిచినవాళ్లు మా వైపు లేరు. పాత్రలు చేసే మా బుడితి వెళ్లి చూడండి, కంచుకీ ఇత్తడికీ మా వాళ్లిచ్చే విలువ తెలుస్తుంది. బంగారం బీరువాలో నోరు మూసుకుని పడుంటుంది. కంచు కొడితే ఊరంతా వినబడుతుంది.

ఈ ఘట్టాన్ని నేను ప్రత్యక్షంగా చూడలేదు. ఈ మాట మా ఊళ్లో నోరు తెరిచి ఒప్పుకున్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. ఎందుకంటే చూసినవాళ్ల సంఖ్య ఏటేటా పెరుగుతోంది. ఆ రోజు ఊళ్లో ఉన్న టీవీల లెక్క ఎప్పుడో దాటేసింది. అప్పటికి పొట్టలో ఉన్న కుర్రాడు కూడా “ఆ లాస్ట్ లిఫ్టుంది చూశారూ...” అని మొదలెడతాడు. ఏంటెన్నా తిప్పుతూ మేడమీద ఉండిపోయాను, లేకపోతే మొత్తం నేనే చూసేవాణ్ణి అనే పెద్దమనిషి ఒకడున్నాడు. కిందనుంచి కేకలు విన్నాడు కాబట్టి ఆయన్ని కూడా సాక్షుల్లోనే జమకట్టాం.

అసలు గొడవ ఆ ఆఖరి లిఫ్టు గురించే. పాతికేళ్లుగా తెగలేదు. బంగారం చైనా లిన్ వెయినింగ్‌కి, వెండి హంగరీ ఎర్జెబెత్ మార్కుష్‌కి వచ్చాయి. ఇద్దరూ ఎత్తింది సమానమే, 242.5 కిలోలు. ఒంటి బరువు తక్కువని చైనా అమ్మాయికి బంగారమిచ్చారు. ఆ రోజుల్లో ఇనపకడ్డీ మీద బరువు రెండున్నర కిలోల మెట్ల చొప్పున పెరిగేది. 130 ఎత్తేసిన మల్లీశ్వరి ఆఖరి అవకాశానికి మూడు మెట్లు ఒక్కసారే ఎక్కి 137.5కి వెళ్లింది. లేస్తే తిరుగులేని బంగారం. లేవలేదు.

“నూట ముప్పైరెండున్నర ఎట్టుంటే సరిపోయీది కాదేటి?” అంటాడు మా పెద్దబావ. ఈ మాట ఆయన దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, మధ్యలో ఎవరి పెళ్లయినా ఉంటే అక్కడ అదనంగా అంటాడు. ఆయన జీవితంలో ఎత్తిన అతిపెద్ద బరువు గ్యాసు సిలిండరు, అదీ గుమ్మం వరకే.

“అది ఎత్తినా ముగ్గురూ 242.5 దగ్గర సమానమే అవుతారు బావా. అప్పట్లో అలాగైతే ఒంటి బరువు చూసేవారు.”

“సూడనీరా. మన పిల్ల ఆ పూట టిఫిను మానేస్తే తేలిపోయీది.”

“పోటీకి రెండు గంటల ముందే తూచేస్తారు బావా.”

“అయితే ముందురోజు మానీవలిసింది.”

ఇలాంటి మనిషికి వెయిట్‌లిఫ్టింగ్ ఫెడరేషన్లో పదవి దొరక్కపోవడం దేశం చేసుకున్న అదృష్టమో దురదృష్టమో చెప్పలేను. నాకు మాత్రం ఒకటే అనిపిస్తుంది. కంచు చేతిలో పెట్టుకుని, ఇంకో రెండున్నర కిలోలు కొసరుగా అడిగి చూసే రకం కాదావిడ. ఏకంగా దుకాణమే ఎంతకిస్తావని అడిగింది. దమ్మిడీ దగ్గర కూడా బేరమాడే మాబోటి జనానికి అది మింగుడుపడక, ఇప్పటికీ ఆవిణ్ణి నిలదీస్తున్నాం. టీకొట్టు దగ్గర, ఆవిడ లేనప్పుడు.

అదే రోజు, అదే సిడ్నీలో ఈతకొలను దగ్గర ఇంకో విడ్డూరం జరిగింది. ఈక్వటోరియల్ గినీ నుంచి ఎరిక్ ముసంబానీ అనే కుర్రాడు వచ్చాడు. ఈత నేర్చుకుని ఏడాదయినా కాలేదు. యాభై మీటర్ల కొలను అంతకుముందు చూసిన పాపాన పోలేదు. 100 మీటర్ల హీట్‌లో పక్కనున్న ఇద్దరూ గంట కొట్టకుండానే దూకి అనర్హులైపోతే ఇతనొక్కడే ఈదాడు. వెనక్కి తిరిగొచ్చేటప్పుడు మునిగిపోతాడేమోనని జనం లేచి నిలబడ్డారు. 1 నిమిషం 52.72 సెకన్లు పట్టింది. ఆ పోటీలో బంగారం గెలిచినవాడు అందులో సగం కూడా తీసుకోలేదు. మా వంశధారలో గేదె తోక పట్టుకుని దాటినవాళ్లు ఇంతకంటే వేగంగా వెళ్లారని మా బావ అభిప్రాయం. అర్హత సమయాలతో పనిలేకుండా చిన్న దేశాలకిచ్చే వైల్డ్ కార్డుతో వచ్చాడతను. అంటే ఏమిటి? కమిటీ వాళ్లకి కొసరు వెయ్యడం తెలుసు. తెలిసీ మన దగ్గర నటిస్తున్నారు.

ఈ తూకాల పిచ్చి లేని కాలం ఒకటుండేది. మా శ్రీకాకుళం స్టేడియానికి పేరిచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పిల్లలకి వ్యాయామం నేర్పి, తర్వాత ఏనుగుని గుండెమీద నిలబెట్టుకుని దేశాలు తిరిగాడు. రొమ్ముకి కట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపేవాడు. ఆ ఏనుగు ఎన్ని కిలోలని ఎవరైనా అడిగారా? దాని ఒంటి బరువు పోటీకి రెండు గంటల ముందు తూచారా? ఏనుగంటే ఏనుగే. విజయనగరం మహారాజకుమార్ సంగతి వేరు. 1936 ఆగస్టులో ధ్యాన్‌చంద్ హాకీ జట్టు బెర్లిన్ ఒలింపిక్స్‌లో జర్మనీని 8-1తో చితక్కొడుతుంటే, ఇంగ్లండ్‌లో మన క్రికెట్ జట్టుకి ఆయన కెప్టెన్. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు చేశారు. రాజరికానికి కొసరుగా వచ్చిన బ్యాటింగ్ అది, ఎక్కువ ఆశించకూడదు.

విజయనగరం జిల్లా పరువు కొండవెలగాడ కాపాడింది. బరువులెత్తే పిల్లలున్న ఊరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆ ఊరి మత్స సంతోషి 53 కిలోల విభాగంలో కంచు గెలిచింది. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి తర్వాత నిషేధించిన మందుల పరీక్షలో దొరికింది. సంతోషిది వెండి అయింది. నాలుగో స్థానంలో ఉన్న మన స్వాతి సింగ్‌కి కంచు వచ్చింది. దీన్ని కొసరనకూడదు. దొంగతూకం పట్టుబడ్డాక రావలసిన సరుకు ఇంటికి రావడం.

నేను చూసినవాటిలో కొసరుని బాహాటంగా అడిగి పుచ్చుకున్నవాడు ఒకే ఒక్కడు. 2021లో టోక్యో, మగవాళ్ల హైజంప్. ఖతార్ బర్షిమ్, ఇటలీ తంబేరీ ఇద్దరూ 2.37 మీటర్లు దూకారు. 2.39 ఇద్దరికీ మూడేసిసార్లు చిక్కలేదు. విడగొట్టడానికి మళ్లీ దూకండి అని అధికారి చెప్పబోతుంటే, బర్షిమ్ మధ్యలో అందుకుని ‘రెండు బంగారాలు ఇవ్వొచ్చా?’ అనడిగాడు. ఇవ్వొచ్చన్నారు! తంబేరీ ఎగిరి అతని చంకెక్కేశాడు. మా ఉద్దానం వైపు నుంచి బతుకుతెరువుకి గల్ఫ్ వెళ్లినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. ఖతార్‌వాడికి ఆ బేరం నేర్పిందెవరో నాకు తెలియదనుకుంటున్నారా?

అదే టోక్యోలో నీరజ్ చోప్రా బల్లెం 87.58 మీటర్లు విసిరి, రెండోవాడికంటే రెండు మూరలు కొసరేసి మరీ బంగారం తెచ్చాడు. మూడేళ్లకి పేరిస్‌లో పాకిస్తాన్ అర్షద్ నదీమ్ 92.97 విసిరితే మనవాడి 89.45 వెండి దగ్గర ఆగింది. మూడున్నర మీటర్ల తేడా. దీన్ని కొసరంటే కొసరుకే సిగ్గు. అయితే ఆ రాత్రి నీరజ్ తల్లి, బంగారం గెలిచినవాడూ మా పిల్లాడేనని అనేసింది. ఇరుగుపొరుగు దేశాలు డెబ్బైయేళ్లకి పైగా అంగుళాల లెక్కన కొట్టుకుంటున్నాయి. ఆవిడ తట్ట ఎత్తి మొత్తం అటు పోసేసింది. మా ఇంట్లో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. నేను ఏంటెన్నా తిప్పడానికి మేడెక్కాను. మాకు ఏంటెన్నా లేదు.

ఇంక మిగిలింది 2024 ఆగస్టు 7. ముందురోజు 50 కిలోల కుస్తీలో వినేశ్ ఫోగాట్, విదేశీయుల చేతిలో ఓటమి ఎరుగని జపాన్ సుసాకిని పడగొట్టి, ఇంకో ఇద్దర్ని ఓడించి ఫైనల్‌కి చేరింది. మర్నాడు పొద్దున్న తూస్తే 50 కిలోలకి 100 గ్రాములు ఎక్కువ. ఫైనల్ లేదు, వెండీ లేదు, జాబితాలో ఆఖరి స్థానం. అదే రోజు రాత్రి మీరాబాయి చాను 199 కిలోలెత్తి నాలుగోదయింది. కంచు గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయిది 200. ఒక్క కిలో. రెండున్నర కిలోల మెట్లు తీసేసి కిలో మెట్లు పెట్టబట్టి వచ్చిన తంటా ఇది. ఆ పేరిస్‌లో మనవాళ్లు ఆరుసార్లు నాలుగో స్థానంలో ఆగారు, అది వేరే ఏడుపు.

నేను లోజాన్‌కి రాయబోయే అర్జీలో అడిగేది న్యాయమైన సంగతి. ఒకే దేశం, ఒకే రోజు, ఒకే ఊరు. ఒక ఆడపిల్ల దగ్గర 100 గ్రాములు ఎక్కువ, ఇంకో ఆడపిల్ల దగ్గర కిలో తక్కువ. ఒకే ఇంటి సంచులు. ఇటుది అటు సర్దితే వినేశ్ లెక్క సరిపోతుంది, మీరాబాయికి 900 గ్రాములు మాత్రం బాకీ ఉంటుంది. ఆ బాకీ నేను ఒప్పుకుంటాను. దాన్ని కొసరు కింద కొట్టేయమంటున్నాను. ఈ మాత్రం సర్దుబాటు మా వీధి కిరాణా కొట్టులో చిన్న గుమాస్తా చేస్తాడు.

మర్నాడు పొద్దున్నే ఈ బాధంతా మోసుకుని రైతుబజారుకెళ్లాను. నేను ఎప్పుడూ కొనే ముసలమ్మకి సంగతంతా చెప్పాను. ఆవిడ గుప్పెడు పచ్చిమిరపకాయలు తీసి అరచేతిలో ఆడించి చూపించింది.

“నూరు గ్రాములంటే ఇయ్యే కదా బావూ?”

“అంతేనమ్మా.”

“జుత్తు కత్తిరించీసుంటే సరిపోయీది కాదేటి?”

“కత్తిరించేశారు. రాత్రంతా చెమట పట్టించారు. అయినా దిగలేదు.”

కాసేపు ఊరుకుంది. “ఆల కాటాకి సీలుందేటి?” అంది. మా దగ్గర తూనికలు కొలతలవాళ్లు ఏటా వచ్చి ముద్ర వేసి వెళ్తారు, ఆ సంగతి.

“ఉండే ఉంటుంది.”

“సీలుంటే మరేటి సేస్తాం” అని నిట్టూర్చి, నా బెండకాయలు కాటా మీద పోసింది. సరిగ్గా కిలో చూపించింది. ఒక చిన్న కాయ తీసి పక్కన పెట్టింది, మళ్లీ వేసింది, మళ్లీ కిలో చూపించాక సంచీలో పోసి చేతికిచ్చింది. నేను డబ్బులిచ్చి నిలబడ్డాను. ఆవిడ పక్కవాళ్ల బేరం చూసుకుంటోంది. నేను నిలబడే ఉన్నాను.

“ఏటి బావూ, ఇంకా ఎల్లనేదు?”

“కొసరు...”

“నువ్వే కదేటి సెప్పినావు,” అంది ముసలమ్మ, “పేరిస్‌లో ఎయ్యరని.”