రెండు కౌంటర్లు చాలవు

కంపైలర్ (ప్రోగ్రాముని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్) ల్యాబ్ మొదలయ్యే రోజుల్లో బెజవాడ, గుంటూరు కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. దాని సారాంశం ఇది: "సోర్స్ కోడ్‌లో ఎర్రర్ ఎక్కడుందో చెప్పడం పెద్ద విషయమేం కాదు. లైనుకొకటి, కాలమ్‌కొకటి, రెండు కౌంటర్లు చాలు. న్యూలైన్ వస్తే లైను పెంచి కాలమ్‌ని 1 చెయ్యి, ఇంకేదొచ్చినా కాలమ్ పెంచు. ఆ నంబర్లు ప్రతి టోకెన్‌లో (కోడ్‌ని విడగొడితే వచ్చే ఒక్కో పేరు, అంకె, గుర్తు) దాచుకో. కాలమ్ అంటే అక్షరాల లెక్కే. మిగతాది ఎడిటర్ చూసుకుంటుంది. పది లైన్ల పని."

చదవడానికి హాయిగా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలే ఉండి, ట్యాబ్‌లు లేకుండా, వెనక్కి చూడకుండా చదువుకుపోయే బుల్లి కాలిక్యులేటర్ భాషకు పనిచేస్తుంది కూడా. కానీ మన పిల్లలు ప్రాజెక్టుకు ఎంచుకునేది ఒక్కోసారి తెలుగు కీవర్డ్‌లున్న భాష. అక్కడ ఈ సలహా మొదటి రోజే తిరగబడుతుంది.

"కాలమ్ అంటే అక్షరాల లెక్కే" అన్నదాన్ని ముందు తీసుకుంటాను, గొడవంతా ఇక్కడే ఉంది. పైథాన్‌లో వేరియబుల్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. ఈ లైను చూడండి:

ఊరు = "గుంటూరు" $

చివరి డాలర్ గుర్తు పైథాన్‌లో చెల్లదు. అది ఎన్నో కాలమ్‌లో ఉంది? వేలు పెట్టి కంటికి కనిపించేవి లెక్కపెడితే 12. యూనికోడ్ కోడ్‌పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకి ఇచ్చిన నంబర్లు) లెక్కపెడితే 17, ఎందుకంటే "రు"లో ర వేరు, కొమ్ము వేరు; "గుం"లో అయితే మూడున్నాయి. యూటీఎఫ్-8 (కోడ్‌పాయింట్లను ఫైలులో దాచే పద్ధతి) బైట్లు లెక్కపెడితే 37, ఎందుకంటే తెలుగు కోడ్‌పాయింట్ ప్రతిదీ 3 బైట్లు తీసుకుంటుంది. మూడూ సరైన జవాబులే. కౌంటర్‌ని ఒకటి పెంచమన్న మెసేజ్ ఈ మూడింట్లో దేన్ని పెంచాలో చెప్పలేదు. సీలో చదివితే బైట్లు వస్తాయి, పైథాన్‌లో చదివితే కోడ్‌పాయింట్లు. రాసినవాడికి తెలియకుండానే నిర్ణయం జరిగిపోతుంది.

కంటి లెక్కైనా నిలకడగా ఉంటుందా అంటే అదీ లేదు. "కృష్ణా" తీసుకోండి. యూనికోడ్ క్లస్టర్ నియమాల (ఏ కోడ్‌పాయింట్లు కలిసి కంటికి ఒకే అక్షరమో చెప్పేవి) ప్రకారం 2023 దాకా అందులో ష్ ఒకటి, ణా ఇంకొకటి. ఆ ఏడాది వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తును విడదీయకూడదన్న నియమం చేరింది. అంటే మీ లైబ్రరీ పాతదైతే కృష్ణా మూడు, కొత్తదైతే రెండు. ఫైలులో ఒక్క బైటు మారకుండానే కాలమ్ మారిపోయింది.

పేరున్న టూల్స్ కూడా ఒక మాట మీద లేవు. గో భాష కాలమ్‌ని బైట్లలో చెబుతుంది, ఎడిటర్లు కోడ్‌ని విడదీసి చూడటానికి వాడే ట్రీ-సిట్టర్ కూడా అంతే. సీ కంపైలర్ జీసీసీ 11వ వెర్షన్ నుంచి తెర మీద పట్టే వెడల్పును చెబుతోంది, అంతకుముందు బైట్లే. పైథాన్ ఇంట్లోనే రెండు లెక్కలున్నాయి: కోడ్‌ని చెట్టు రూపంలో ఇచ్చే ఏఎస్‌టీ మాడ్యూల్ యూటీఎఫ్-8 బైట్లు ఇస్తుంది, కోడ్‌ని టోకెన్లుగా విడగొట్టే టోకెనైజ్ మాడ్యూల్ కోడ్‌పాయింట్లు ఇస్తుంది. పైగా ఏఎస్‌టీలో లైన్లు 1 నుంచి, కాలమ్‌లు 0 నుంచి మొదలవుతాయి. ఈ రెండు మాడ్యూళ్ళనూ కలిపి టూల్ రాసేవాడికి టెన్షన్ తప్పదు.

"మిగతాది ఎడిటర్ చూసుకుంటుంది." ఎడిటర్ ఏమీ చూసుకోదు, మీరిచ్చిన నంబర్‌ని నమ్ముతుంది, అంతే. లాంగ్వేజ్ సర్వర్ ప్రొటోకాల్‌లో (ఎడిటర్, కోడ్‌ని పరిశీలించే సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) లైను, స్థానం రెండూ 0 నుంచి మొదలవుతాయి, స్థానాన్ని యూటీఎఫ్-16 యూనిట్లలో (ఒక్కోటి 2 బైట్లు) చెప్పాలి. 2022లో వచ్చిన 3.17 వెర్షన్ నుంచి వేరే ఎన్‌కోడింగ్‌కి ఎడిటర్, సర్వర్ ముందే ఒప్పుకునే వీలుంది. ఏ ఒప్పందం లేకపోతే యూటీఎఫ్-16 అనే అర్థం. ఇక్కడ మనవాళ్ళు పడే గుంట ఒకటుంది. తెలుగు కోడ్‌పాయింట్ యూటీఎఫ్-16లో సరిగ్గా ఒక యూనిట్. కాబట్టి కోడ్‌పాయింట్లు లెక్కపెట్టే సర్వర్‌ని తెలుగు స్ట్రింగులతో ఎంత పరీక్షించినా ఎర్ర గీత సరైన చోటే పడుతుంది, "తెలుగుతోనే పనిచేసింది, ఇంకేం కావాలి" అనిపిస్తుంది. ఎవరో కామెంట్‌లో చేతులు జోడించే ఎమోజీ పెడతారు. అది ఒక కోడ్‌పాయింటే, కానీ రెండు యూనిట్లు. ఆ లైనులో దాని తర్వాతవన్నీ ఒక స్థానం జరుగుతాయి.

"న్యూలైన్ వస్తే లైను పెంచు" అన్నది దీనికంటే నయం. అయినా విండోస్ ఫైళ్ళలో లైను చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ జంటగా వస్తాయి, రెంటినీ కలిపి ఒకే లైనుగా లెక్కపెట్టాలి. జావాస్క్రిప్ట్‌లో ఇవికాక యూనికోడ్‌లోని 2028, 2029 నంబర్ల కోడ్‌పాయింట్లు కూడా లైన్‌ని ముగిస్తాయి. జావాలో లైన్ ఫీడ్‌ని యూనికోడ్ ఎస్కేప్‌గా, అంటే దాని నంబర్‌తో, రాసినా వ్యాకరణానికి లైను ముగిసినట్టే, ఎడిటర్‌లో మాత్రం అదంతా ఒకే లైను. ఇక ట్యాబ్ వస్తే ఒకటి పెంచాలా, నాలుగు పెంచాలా? రెండూ కాదు, తర్వాతి స్టాప్ దాకా జరగాలి. గ్నూ ప్రాజెక్టు కోడింగ్ ప్రమాణాలు 8 కాలమ్‌లకొక స్టాప్ అంటాయి, మీ ఎడిటర్ సెట్టింగ్ ఇంకోటి అంటుంది.

ఇప్పుడు "రెండు కౌంటర్లు చాలు" దగ్గరికి వద్దాం. లెక్సర్, అంటే కోడ్‌ని టోకెన్లుగా విడగొట్టే భాగం, ఒక పేరు చదువుతోంది. పేరు ఎక్కడ అయిపోయిందో తెలియాలంటే తర్వాతి క్యారెక్టర్ కూడా చదవాలి. అది న్యూలైన్. మన పేరులోది కాదు కాబట్టి వెనక్కి నెట్టేయాలి. లైను ఒకటి తగ్గించారు సరే, కాలమ్‌ని ఎంత చేస్తారు? పైలైను పొడవు ఆ కౌంటర్‌కి గుర్తులేదు, అది ఎప్పుడో 1 అయిపోయింది. పార్సర్ అంటే కోడ్ వ్యాకరణానికి సరిపోతుందో చూసే భాగం; ఒక దారి ప్రయత్నించి కుదరకపోతే వెనక్కొచ్చే పార్సర్‌లో ఈ తలనొప్పి అడుగడుగునా ఉంటుంది: వెనక్కొచ్చిన ప్రతిసారీ స్థానం, లైను, కాలమ్ మూడూ కలిసి వెనక్కి రావాలి. ఒక్కచోట ఒకటి మరిచిపోతే ఆ తర్వాత వచ్చే ఎర్రర్లన్నీ పక్క లైనుని చూపిస్తాయి. అసలు ఎర్రర్ కంటే అది ఎక్కువ టైమ్ తినేస్తుంది.

పార్సర్ మోయాల్సింది ఒకే నంబర్: ఫైలు మొదటి నుంచి ఎన్నో బైటు. వెనక్కి రావడమంటే ఆ నంబర్‌ని పాత విలువకు మార్చడమే. టోకెన్‌లో మొదలు ఆఫ్‌సెట్ (ఆ బైటు నంబర్), పొడవు దాచుకుంటే సరిపోతుంది. లైన్లు ఏ ఏ ఆఫ్‌సెట్‌లో మొదలవుతాయో విడిగా ఒక పట్టిక. ఎర్రర్ చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ పట్టికలో బైనరీ సెర్చ్ (ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతకడం) చేస్తే లైను దొరుకుతుంది. 10,000 లైన్ల ఫైలుకు 14 పోలికల లోపే. లైను మొదలు నుంచి అక్కడిదాకా ఉన్న బైట్లను, అడిగింది టెర్మినలైతే వెడల్పుగా, ఎడిటరైతే యూటీఎఫ్-16గా అప్పుడు లెక్కకట్టి ఇవ్వాలి. క్లాంగ్ అనే సీ కంపైలర్ ఒక స్థానాన్ని 32 బిట్లలో పెట్టుకుని లైను నంబర్లను అవసరం పడినప్పుడే లెక్కగడుతుంది. రస్ట్ కంపైలర్ మొదలు, పొడవు రెండింటినీ 8 బైట్లలో ఇరికిస్తుంది. గో కూడా ఒక్క పూర్ణాంకమే దాచుకుని, లైన్ల పట్టిక పక్కన ఉంచుకుంటుంది. ఎర్రర్ లేని ఫైలుకు కాలమ్ అనేది పెద్దగా అక్కర్లేదు, దాన్ని క్యారెక్టర్ క్యారెక్టర్‌కీ పెంచుకుంటూ కూర్చోవడం దండగ.

మొదలు దాచుకోవడం వల్ల ఇంకో మేలుంది. మూయని బ్రాకెట్ ఉంటే, ఇప్పుడున్న చోటునే చెప్పే పార్సర్ ఫైలు చివర నిలబడి ఎర్రర్ అంటుంది. పైథాన్ 3.10 నుంచి తెరిచిన బ్రాకెట్‌నే చూపించి దీన్ని మూయలేదని చెబుతోంది. ఆ బ్రాకెట్ టోకెన్ ఎక్కడ మొదలైందో దాచుకుంటేనే అది వీలవుతుంది.

"పది లైన్ల పని" నిజానికి పదిహేనో ఇరవయ్యో అవుతుంది, అది పట్టించుకోదగ్గ తేడా కాదు. టెస్టులు మాత్రం జాగ్రత్తగా పెట్టుకోవాలి: విండోస్ లైన్లున్న ఫైలు, ఎన్‌కోడింగ్‌ని సూచించే బీఓఎమ్ అనే 3 బైట్ల గుర్తుతో మొదలయ్యే ఫైలు, ఒకే లైనులో తెలుగు, ట్యాబ్, ఎమోజీ మూడూ ఉన్న ఫైలు, చివరి లైనుకి న్యూలైన్ లేని ఫైలు. పూర్తిగా ఖాళీ ఫైలు కూడా ఉండాలి. లైన్ల పట్టికలో మొదటి ఎంట్రీగా 0 ముందే పెట్టకపోతే అక్కడ బైనరీ సెర్చ్‌కి ఏమీ దొరకదు, ఎర్రర్ చెప్పాల్సిన కంపైలరే క్రాష్ అవుతుంది.