రమ్మీ కాగితంతో పోకర్ తగువులు తీరవు

రమ్మీలో తప్పుకు ధర ఉంది. రాంగ్ షో చెబితే 80 పాయింట్లు. 101 ఆటలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40. కాగితం మీద రాసేసి తర్వాతి ఆట పంచుతారు. ఎవరెంత గొడవ పడ్డా చివరికి ఒక అంకె మిగులుతుంది కాబట్టి తగువు అక్కడితో తెగిపోతుంది.

పోకర్‌లో ఈ సౌకర్యం లేదు. ఒకతను తన వంతు రాకముందే ‘నేను అవుట్’ అంటూ ముక్కలు విసిరేశాడనుకుందాం. దానికెన్ని పాయింట్లు వేస్తారు? అతనికి పోయిందేమీ లేదు. అతనికంటే ముందు నిర్ణయం తీసుకోవాల్సినవాడికి లాభం, ఎందుకంటే వెనక భయపడాల్సినవాళ్లలో ఒకరు తగ్గారు. నష్టం పందెం కాసి కూర్చున్నవాడిది. తప్పు ఒకరిది, లాభం ఇంకొకరిది, నష్టం మూడోవారిది. పైగా ఆ నష్టం ఎంతో లెక్కగట్టే దారి లేదు. టెక్సస్ నుంచి న్యూజెర్సీ దాకా తెలుగువాళ్ల ఇళ్లలో వారాంతాల్లో, చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ఉండే పోకర్ అయిన హోల్డెమ్‌కు కూర్చునేవాళ్లలో చాలామందికి చేయి తిరిగింది రమ్మీలోనో మూడు ముక్కలాటలోనో. ఆ అలవాట్లు పోకర్ టేబుల్ దగ్గరకీ వస్తాయి. ‘ఈ ఒక్కసారికి పోనీలే, స్నేహితుల మధ్య రూల్సేంటి’ అనే మాట అక్కడినుంచే వస్తుంది. రమ్మీలో ఆ మాటకు కొంత అర్థముంది, పోనిచ్చేది ఎన్ని పాయింట్లో అందరికీ తెలుసు కాబట్టి. పోకర్‌లో పోనిచ్చేది పక్కవాడి డబ్బు.

మొట్టమొదట పట్టుకోవాల్సింది, ఒకే పందేన్ని విడతలుగా తోసే స్ట్రింగ్ బెట్‌ని. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 12 డాలర్లున్నాయి. ఎదుటివాడు 6 కాశాడు. ఇతను 6 డాలర్ల చిప్స్ ముందుకు తోసి, ఎదుటివాడి మొహంలోకి ఒకసారి చూసి, అక్కడ కాస్త ఊరట కనిపించగానే మళ్లీ తన గుట్ట దగ్గరకు చేయి పోనిచ్చి ‘ఇంకో 12’ అంటాడు. కాల్ చేసినట్టు (ఎదుటివాడి పందేనికి సమానంగా కాసినట్టు) చూపించి, దానికి వచ్చిన స్పందన చదివి, రైజ్ చేశాడన్నమాట, అంటే పందెం పెంచాడు. చాలామంది ఇది కావాలని చేయరు. మూడు ముక్కలాటలో మాట్లాడుకుంటూ కాస్త కాస్త వేసే అలవాటు ఇలా చేయిస్తుంది. ఉద్దేశం ఏదైనా తీర్పు ఒక్కటే: అది 6 డాలర్ల కాల్, మిగతా 12 వెనక్కి. రైజ్ చేయదలచుకుంటే చిప్స్ అన్నీ ఒకే ఊపులో ముందుకు రావాలి, లేదా ముందే ‘రైజ్, మొత్తం 18’ అని నోటితో చెప్పాలి. నోటిమాట పడ్డాక చిప్స్ ఎన్ని విడతలుగా పెట్టినా ఇబ్బంది లేదు. వంతులో అన్న మాటే పందెం.

దీనికి తోడు ఇంకో రెండు రూల్స్ ముందే చెప్పేస్తే సగం గొడవలు తగ్గుతాయి. ఏమీ అనకుండా ఒకే ఒక్క పెద్ద చిప్ వేస్తే అది కాల్ మాత్రమే. 50 సెంట్ల బ్లైండ్ (ముక్కలు చూడకముందే కట్టే తప్పనిసరి పందెం) మీద 5 డాలర్ల చిప్ పడితే చిల్లర వెనక్కి ఇచ్చేయాలి. రెండోది, రైజ్ అంటే కనీసం అంతకుముందు పెరిగినంతైనా పెరగాలి. 2 మీద ఒకరు 6 అంటే పెరిగింది 4, కాబట్టి తర్వాతి రైజ్ 10కి తక్కువ కుదరదు. ఆల్ ఇన్‌ల (ఉన్న చిప్స్ అన్నీ కాసేయడం) లెక్క దగ్గర కూడా తడబాటు ఎక్కువే. ముగ్గురి దగ్గర 20, 50, 80 ఉండి అందరూ ఆల్ ఇన్ అయితే ముగ్గురూ పోటీపడే మెయిన్ పాట్ 60. మిగతా ఇద్దరి మధ్య సైడ్ పాట్ మరో 60. 80 ఉన్నవాడి దగ్గర మిగిలిన 30 పందెంలోనే లేదు, తిరిగి అతని చేతికే వెళ్తుంది. ఈ విడదీయడం ముక్కలు తిప్పకముందే జరగాలి. తిప్పాక విడదీస్తే ప్రతివాడూ తనకు అనుకూలమైన లెక్కే చెబుతాడు.

వంతు తప్పి ఆడినవాడి సంగతి కాస్త సున్నితం. కార్డ్ రూముల్లో బాగా స్థిరపడ్డ పద్ధతి ఇంట్లోనూ పనిచేస్తుంది: ముందు అసలు వంతున్నవాడు ఆడతాడు. అతను చెక్ (పందెం కాయకుండా వంతు దాటించడం), కాల్, ముక్కలు పడేసే ఫోల్డ్‌లలో ఏది చేసినా పరిస్థితి మారనట్టే, కాబట్టి తొందరపడ్డవాడి మాట తొందరపడ్డట్టే నిలుస్తుంది. అతను బెట్ గానీ రైజ్ గానీ చేస్తే తొందరపడ్డవాడికి మళ్లీ ఆలోచించుకునే హక్కు వస్తుంది. ముక్కలు విసిరేసినవాడికి మాత్రం ఆ హక్కు లేదు, చెత్తలో కలిసిన ముక్క చచ్చిన ముక్కే. అందుకే తన ముక్కల మీద ఒక చిప్ పెట్టుకోమని కొత్తవాళ్లకు మొదటి ఆటలోనే చెప్పాలి. లేదంటే పంచేవాడు పొరపాటున మంచి జతను కూడా ఊడ్చేస్తాడు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే తప్పు, జనం తప్పని ఒప్పుకోనిది, ఆట నడుస్తుండగా మాట్లాడటం. ఫ్లాప్‌లో (టేబుల్ మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో) 7, 7, 2 పడ్డాయి. ఇద్దరు ఆటలో ఉన్నారు. ముక్కలు ఎప్పుడో పడేసిన మూడో మనిషి తల పట్టుకుని ‘అబ్బా, ఏడు పారేశాను కదరా’ అన్నాడు. పేకలో ఏడులు నాలుగే. రెండు కింద ఉన్నాయి, ఒకటి చెత్తలో ఉందని ఇప్పుడు ఊరంతటికీ తెలిసింది, మిగిలింది ఒకటే. రాజుల జత పట్టుకుని భయపడుతున్నవాడికి సగం భయం పోయింది. తన దగ్గర ఏడుందని నమ్మించి పాట్ లాగేద్దామనుకున్నవాడి పథకం మునిగింది. పారేసినవాడికి మాత్రం తానేం చేశాడో అర్థం కూడా కాదు. నోరు మెదపకపోయినా మూలగడం, నవ్వడం, టేబుల్ మీద చరచడం, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఇక్కడే భాష సంగతి. తెలుగురాని ఒక్క మనిషి ఆటలో ఉన్నా, ముక్కలు పంచిన క్షణం నుంచి పాట్ ఎవరికో ఒకరికి చేరేదాకా టేబుల్ భాష అందరికీ తెలిసినదే కావాలి. అమెరికా కార్డ్ రూముల్లో ఆట మధ్యలో ఇంగ్లీష్ మాత్రమే అనే నియమం ఇందుకే పెడతారు. ‘పెరుగు తీసుకురమ్మన్నాను’ అని ఎంత నిజం చెప్పినా, ఆ మాట అర్థంకాక అప్పుడే 40 డాలర్లు పోగొట్టుకున్నవాడు నమ్మాల్సిన అవసరం లేదు. అందరూ తెలుగువాళ్లే అయితే ఈ పట్టింపు అక్కర్లేదు, కానీ పక్కవాడి ముక్కలు చూసి సలహా ఇవ్వడం ఏ భాషలోనైనా నిషిద్ధమే. భార్యాభర్తలు ఒకే టేబుల్ మీద ఆడుతుంటే ఈ రూల్ ఇంకా గట్టిగా అమలు కావాలి, అమలుచేసేవాళ్లకు ధైర్యం కూడా కాస్త ఎక్కువే కావాలి.

పంచేవాడి పొరపాట్లకు తీర్పు ముందే రాసిపెట్టుకోవాలి, అప్పటికప్పుడు ఆలోచిస్తే ఎవరి స్వార్థం వారికి అడ్డొస్తుంది. పంచేటప్పుడు మొదటి రెండు ముక్కల్లో ఏదైనా తిరగబడితే మొత్తం వెనక్కి తీసుకుని మళ్లీ కలపాలి. ఆ తర్వాత ఒక్కటే తిరగబడితే పంపకం పూర్తిచేసి, పై ముక్కను దాని బదులిచ్చి, తిరగబడ్డదాన్ని బర్న్ ముక్కగా (ఆటలో వాడకుండా తీసేసే పై ముక్కగా) పక్కన పెడతారు. రెండు తిరగబడితే మళ్లీ మొదటికే. పందేలు పూర్తికాకుండా ఫ్లాప్ వేసేస్తే బర్న్ ముక్కను అలాగే ఉంచి, ఆ మూడింటినీ మిగతా పేకలో కలిపి, కోసి, కొత్త ఫ్లాప్ వేయాలి, మళ్లీ బర్న్ అక్కర్లేదు. టర్న్ (నాలుగో ముక్క) ముందే పడితే కథ కాస్త పొడుగు: ఆ ముక్కను పక్కన పెట్టి పందేలు పూర్తిచేయాలి, తర్వాత ఒకటి బర్న్ చేసి మామూలుగా ఐదో ముక్కైన రివర్‌గా రావాల్సినదాన్ని టర్న్‌గా వేయాలి. ఆ రౌండ్ అయ్యాక పక్కన పెట్టినదాన్ని పేకలో కలిపి, కోసి, బర్న్ లేకుండా రివర్ తీయాలి. ఇంత తతంగం ఎందుకంటే, ముందుగా బయటపడ్డ ముక్క తిరిగి రావడానికీ అవకాశం మిగులుతుంది, ఎవరికీ ఖాయంగా లాభమూ నష్టమూ ఉండదు. ‘పోనీ ఆ ముక్కే ఉంచేద్దాం’ అనేవాడికి ఆ ముక్క పనికొచ్చిందని అర్థం.

మరి తీర్పు చెప్పేదెవరు? మామూలుగా ఇంటాయన. కానీ ఆయన కూడా ఆడుతున్నాడు. తాను ఆటలో ఉన్నప్పుడు తీర్పు చెప్పకూడదన్నది మొదటి షరతుగా పెట్టుకోవాలి. రూల్స్ తెలిసిన ఇద్దరిని ముందే అనుకుంటే, ఎప్పుడూ ఒకరైనా ఆ ఆటలో లేకుండా దొరుకుతారు. ఆ రాత్రికి వాళ్ల మాట ఖాయం, తప్పనిపిస్తే తర్వాతి వారానికి రూల్ మార్చుకోవచ్చు గానీ పాట్ వెనక్కి రాదు. ఓట్లు పెట్టి తేల్చడం మాత్రం అసలు పనికిరాదు. ఓటులో గెలిచేది ఎక్కువమంది బంధువులున్నవాడు.

మనవాళ్ల టేబుళ్ల మీద అసలు చిక్కు వరసలతో వస్తుంది. తమ్ముడి వరస కుర్రాడి స్ట్రింగ్ బెట్‌ని వెంటనే పట్టుకుంటారు, మావయ్య చేస్తే చూడనట్టు ఊరుకుంటారు. ఆ తేడా చూసినవాడు రెండోవారం రాడు. ‘మావయ్యా, మీ వంతు ఇంకా రాలేదు, ఒక్క నిమిషం’ అని మామూలు గొంతుతో చెబితే మర్యాద ఎక్కడికీ పోదు. కొత్తవాళ్లకు సడలింపు ఇవ్వాలనుకుంటే డబ్బు లేకుండా అరగంట ఆడించండి, ఆ తర్వాత అందరికీ ఒకటే కొలత. పందేనికి, ముక్కలకు సంబంధించిన రూల్స్ మొదటి ఆట నుంచే అమలు కావాలి. గెలుపు చేతిలో ఉండి కూడా నాన్చి నాన్చి చూపించడం, ఫోన్ చూస్తూ వంతు మరిచిపోవడం లాంటివి మర్యాదకు సంబంధించినవి, వాటికి పక్కకు పిలిచి చెప్పడం చాలు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి అన్నిటికీ జరిమానా పెట్టే ఇళ్లున్నాయి. ఆ డబ్బు ఎవరికి పోవాలో అదో కొత్త గొడవ.

డబ్బు విషయానికొస్తే, 25, 50 సెంట్ల బ్లైండ్స్‌కు తలా 50 డాలర్లు సరిపోతుంది. 25 సెంట్లవి 16, డాలర్‌వి 16, 5 డాలర్లవి 6 ఇస్తే లెక్క కుదురుతుంది. 8 మందికి 304 చిప్స్ పోగా, 500 చిప్స్ పెట్టెలో రెండోసారి కొనేవాళ్లకూ మిగులుతాయి. ప్రతి కొనుగోలూ చిప్స్ చేతికి వెళ్లకముందే రాయాలి. 8 మంది, ఐదు రీబైలు (మళ్లీ కొనడాలు) అంటే రాత్రి చివర టేబుల్ మీద 650 ఉండాలి. 700 తేలితే ఎవరికో రాయకుండా ఇచ్చారు. ఇంకో రకం తప్పు దొంగచాటుగా వస్తుంది: ‘బావా, ఓ 50 ఇవ్వు, తర్వాత చూసుకుందాం’ అని పక్కవాడి దగ్గర చిప్స్ తీసుకుంటే మొత్తం సరిగ్గానే ఉంటుంది గానీ మనుషుల లెక్క తప్పుతుంది. అందుకే చిప్స్ పెట్టెలోంచి తప్ప ఇంకెక్కడినుంచీ రాకూడదు, గెలిచినవి మధ్యలో జేబులోకీ పోకూడదు.

ఇంటాయన పాట్ నుంచి వాటా తీయడం మర్యాద సమస్య మాత్రమే కాదు. టెక్సస్ పీనల్ కోడ్ 47.02 సెక్షన్ ఇంటి ఆటకు రక్షణ ఇచ్చేది మూడు షరతుల మీద: ఆట ప్రైవేటు చోట జరగాలి, ఆడి గెలిచింది తప్ప ఎవరికీ ఆర్థిక లాభం ఉండకూడదు, నైపుణ్యం, అదృష్టం సంగతి పక్కన పెడితే గెలుపోటముల అవకాశం అందరికీ సమానంగా ఉండాలి. బిర్యానీ ఖర్చని ప్రతి పాట్ నుంచి ఒక డాలర్ తీయడం రెండో షరతుకు నేరుగా ఎదురెళ్తుంది. తలా ఒక వంటకం తెచ్చుకుంటే ఏ పేచీ లేదు. సొంతూళ్లలో ఈ మాత్రం వెసులుబాటు కూడా ఉందనుకోవద్దు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నా, తెలంగాణ 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి నైపుణ్యపు ఆటల మినహాయింపు తీసేసింది. అక్కడ సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు చిప్స్‌ను చిప్స్‌గానే ఆడుకోవడం మంచిది.

ఆపడానికీ రూల్ కావాలి. పంచేవాళ్లు కూడా ఆడేవాళ్లే అయిన టేబుల్ మీద గంటకు 20, 25 ఆటలకు మించి జరగవు, కాబట్టి 8 మందిలో అందరూ ఒక్కోసారి పంచే ఒక రౌండ్‌కు సుమారు 20 నిమిషాలు. పన్నెండుకు ఆపాలంటే 11:40కి ‘ఇదే ఆఖరి రౌండ్’ అని చెప్పి బటన్ (పంచే వంతు ఎవరిదో చూపే గుర్తు) ఎవరి దగ్గరుందో గుర్తుపెట్టుకోవాలి. ముందే వెళ్లాల్సినవాళ్లు కూర్చునేటప్పుడే ఆ మాట చెబితే, గెలిచి లేచిపోయాడనే నింద రాదు. పోగొట్టుకున్నవాడు ఇంకో గంట అడుగుతాడు, అందరూ ఒప్పుకుంటే తప్ప పొడిగించొద్దు. ‘ఆఖరి ఆట, అందరం ముక్కలు చూడకుండా ఆల్ ఇన్’ అనే సరదా ప్రతిపాదనను కూడా అక్కడే తోసిపుచ్చాలి. నాలుగు గంటలు జాగ్రత్తగా ఆడి 30 డాలర్లు మిగుల్చుకున్నవాడు మొహమాటానికి ఒప్పుకుని, ఆ మిగులూ తన 50 కూడా పోగొట్టుకుని ఇంటికెళ్తాడు.