‘అక్కా’ అన్నావు కదా, మరి తగ్గించు

మా మేనల్లుడి దగ్గర రెండు ఫుట్‌బాల్ జెర్సీలున్నాయి. ఒకటి ఒడిశా ఎఫ్‌సీది, రెండోది హైదరాబాద్ ఎఫ్‌సీది. ఒడిశాలోని బరంపురంలో తెలుగింట పుట్టిన పిల్లాడికి ఇందులో వింతేమీ లేదు. ఉండేది ఒక రాష్ట్రంలో, ఇంట్లో మాట ఇంకో రాష్ట్రానిది, అందుకని చెరొక చొక్కా. ఈ మధ్య వాడు రెండో చొక్కా పట్టుకొచ్చి, ‘మావయ్యా, ఇదిప్పుడు ఏ ఊరి టీము?’ అనడిగాడు.

ఏం చెప్పను? 2019లో పుణె క్లబ్బు ఖాళీ చేసిన చోట హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో కొట్టి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. రెండేళ్లు తిరక్కుండా జీతాల గొడవ మొదలైంది, ఆటగాళ్లు తలో దిక్కూ పోయారు. 2025లో క్లబ్బు ఏకంగా ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఇక ఒడిశా ఎఫ్‌సీ సంగతి చూస్తే, అది 2019లో ఢిల్లీ నుంచే భువనేశ్వర్ వచ్చింది. అద్దె ఇల్లు మారడం కూడా ఇంతకన్నా కష్టం, మనకైతే కనీసం గ్యాస్ కనెక్షన్ మార్చుకునే పనుంటుంది. 2025 ఆగస్టులో లీగ్ జరుగుతుందో లేదో తేలక ఒడిశా ఎఫ్‌సీ తన ఆటగాళ్ల, సిబ్బంది కాంట్రాక్టులు సస్పెండ్ చేసింది. ఫుట్‌బాల్ సమాఖ్యకీ లీగ్ నడిపే కంపెనీకీ మధ్య ఒప్పందం కుదరని కథ అందరూ చదివిందే.

నా పేచీ ఒక్క మాట మీద. కుటుంబం. దేశం ఏదైనా, లీగ్ ఏదైనా, క్లబ్బులు టికెట్లూ చొక్కాలూ సీజన్ పాసులూ అమ్మేటప్పుడు వాడే మాట అదే. మీరు మా కస్టమర్లు కారు, మా కుటుంబం అంటారు. ప్రకటనలో తాత భుజం మీద మనవడు ఉంటాడు, ఇద్దరి మెడలో ఒకే రంగు కండువా ఉంటుంది.

మా అమ్మ పెద్దబజారులో పట్టుచీరల కొట్టుకెళ్తే కొట్టువాడు ‘రండక్కా, కూర్చోండక్కా’ అనేవాడు. ధర చెప్పగానే అమ్మ అనేది: ‘అక్కా అన్నావు కదా, మరి వంద తగ్గించు.’ వాడు నవ్వి తగ్గించేవాడు. ఈ ఊళ్లో తెలుగైనా ఒడియా అయినా వరస కలిపి పిలిస్తే ఊరికే పోదు. అక్కా అంటే తగ్గించాలి, బావా అంటే ఛలోక్తి పడాలి, బాబాయ్ అంటే కష్టంలో ఆటో కట్టించుకుని రావాలి. పిలుపుతో పాటు ఒక బాకీ వస్తుంది. క్లబ్బులు పిలుపు ఉంచుకుని బాకీ ఎగ్గొట్టాయి.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. మన ఉమ్మడి కుటుంబం అంటే ఒకే పొయ్యి, ఒకే పండగ అన్న సినిమా బొమ్మ ఒక్కటే కాదు. దానికి ఆస్తి ఉంటుంది, యజమాని ఉంటాడు, ఆ యజమానిని లెక్క అడిగే హక్కు తమ్ముళ్లకుంటుంది. పొసగకపోతే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పంపకాలు అడగొచ్చు. కుటుంబం నీది అంటే అందులో నీకు వాటా ఉందని అర్థం. ఫుట్‌బాల్ అభిమానికి వాటా ఏది? ఊరు మారుస్తున్నప్పుడు హైదరాబాద్ అభిమానుల్ని ఏ పంచాయితీకి పిలిచారు?

ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్ చూడండి. అక్కడ నిజంగానే ఒక కుటుంబం ఉంది. 2005లో గ్లేజర్ కుటుంబం వాళ్లు ఆ క్లబ్బును చాలావరకు అప్పు చేసి కొని, ఆ అప్పు క్లబ్బు నెత్తినే పెట్టారు. తండ్రి పోయాక ఆరుగురు పిల్లలకూ షేర్లు దక్కాయి. కుటుంబం అంటే ఏమిటో వాళ్లకు బాగా తెలుసు. షేర్లున్న కుటుంబం ఒకటి, స్టాండ్లో నిలబడి పాటలు పాడే కుటుంబం ఇంకొకటి. 2024లో ఆ క్లబ్బు దాదాపు 250 ఉద్యోగాలు తీసేసింది. అదే ఏడాది చివర, సీజన్ మధ్యలో, సభ్యులకిచ్చే టికెట్లలో ఇంకా అమ్ముడుపోని వాటన్నిటికీ 66 పౌండ్ల ధర పెట్టింది. పిల్లలకు రాయితీ లేదు, ముసలివాళ్లకూ లేదు. మన లెక్కలో మనిషికి ఏడు వేల రూపాయలు. ప్రకటనలో భుజాన మనవణ్ణి ఎక్కించుకున్న తాత ఇద్దరికీ పూర్తి టికెట్ కొనాల్సిందే.

‘కుటుంబం అన్న మాటతో మేలు కూడా జరిగింది కదా’ అనేవాళ్లున్నారు. జరిగింది. ఇంగ్లండ్‌లో మైదానాలు కొట్లాటలకు పేరుపడ్డ కాలంలో, గాయకుడు ఎల్టన్ జాన్ ఛైర్మన్‌గా, గ్రాహం టేలర్ మేనేజర్‌గా ఉన్న వాట్‌ఫర్డ్ క్లబ్బు పిల్లలతో వచ్చేవాళ్ల కోసం విడిగా చోటు కట్టింది. ఆడవాళ్లూ పిల్లలూ ధైర్యంగా వచ్చారు. క్లబ్బు నడవాలంటే డబ్బు కావాలన్నదీ నిజమే. అయితే వాట్‌ఫర్డ్ గోడా, బెంచీ కట్టి చూపించింది. ఇప్పటివాళ్లు వీడియో చేసి చూపిస్తున్నారు.

పైగా చొక్కా చూడండి, నిజం దాని మీదే రాసి ఉంటుంది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో బెట్టింగ్ కంపెనీ స్పాన్సర్ ఉన్న క్లబ్బు తండ్రికి అమ్మే జెర్సీ మీద ఆ కంపెనీ పేరుంటుంది. కొడుక్కి అమ్మే చిన్న సైజు జెర్సీ మీద ఉండదు, నిబంధన ఒప్పుకోదు కాబట్టి. తండ్రి ఛాతీ మీద జూదం, పిల్లాడి ఛాతీ ఖాళీ. ఒకే కుటుంబం, ఒకే రంగు! 2026-27 సీజన్ నుంచి చొక్కా ముందు భాగంలో ఆ పేర్లు పెట్టబోమని క్లబ్బులు 2023లో ఒప్పుకున్నాయి. చేతుల మీద మాత్రం పెట్టుకోవచ్చట.

2020 ఏప్రిల్ గుర్తుందా? ఆ నెల మొదటి వారంలో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ తన మామూలు సిబ్బందిని సెలవు మీద పంపి, వాళ్ల జీతంలో ఎక్కువ భాగం ప్రభుత్వ పథకం నుంచి తీసుకుంటానంది. అభిమానులు దుమ్మెత్తి పోస్తే రెండు రోజుల్లో క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది. అదే నెలలో సూరత్‌లో మా గంజాం జిల్లా మరమగ్గాల కూలీలు జీతాలియ్యండి, ఇళ్లకు పంపండి అంటూ రోడ్డెక్కారు. మా వీధిలో ఒకాయన ఆ మే నెలలో తిరిగొచ్చాడు. సేఠ్ ప్రతి దీపావళికీ స్వీట్ బాక్స్ ఇచ్చి ‘మనమంతా ఒకటే కుటుంబం’ అనేవాడట. లాక్‌డౌన్‌లో ఫోను ఎత్తలేదు. లివర్‌పూల్ మారు మనసు పొందిందని నేననుకోను. అక్కడ అరిచేవాళ్ల గొంతు యజమాని చెవిదాకా వెళ్లింది, ఇక్కడ వెళ్లలేదు, అంతే తేడా.

గొంతుకు ఓటు కూడా తోడైతే ఏమవుతుందో జర్మనీలో తెలుస్తుంది. అక్కడ 50+1 అనే నియమం ఉంది. రెండు మూడు మినహాయింపులు పోను, క్లబ్బులో సగాని కన్నా ఎక్కువ ఓట్లు సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. లీగ్‌లోకి బయటి పెట్టుబడిదారుణ్ణి తేవాలని చూస్తే అభిమానులు వారాల తరబడి మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి ఆటలు ఆపారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ఆలోచన మానుకుంది. కుటుంబం అని పిలిపించుకునే అర్హత ఉంటే ఆ అభిమానులకుంది, ఎందుకంటే వాళ్లు వద్దంటే ఆగుతుంది.

వాటా బదులు ముద్దుపేరు ఇవ్వడం ఫుట్‌బాల్ క్లబ్బులు కనిపెట్టిన విద్యేమీ కాదు, మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. ఆడపిల్ల ఇంటి మహాలక్ష్మి. మహాలక్ష్మికి పొలంలో భాగం మాత్రం ఉండదు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్ట సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు, 1985 నుంచి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. అటు మహారాష్ట్రలో 1994లో వచ్చింది. ఒడిశాలో మాత్రం 2005లో కేంద్రం చట్టం మార్చేదాకా రాలేదు. మాకు ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. ఒకే భాష, ఒకే ఇంటిపేర్లు, ఇచ్చిపుచ్చుకునే సంబంధాలు. రాష్ట్రాల సరిహద్దు గీతకు అటు పుట్టిన పిల్లకు భాగం, ఇటు పుట్టిన పిల్లకు చీరా సారే. ఇరవై ఏళ్లు ఇలాగే నడిచింది. ఆ 2005 చట్టం వర్తించాలంటే అప్పటికి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవ తేలడానికి, అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పడానికి 2020 దాకా పట్టింది.

క్లబ్బులు మనకిచ్చే జెర్సీ కూడా సారె లాంటిదే. కాకపోతే ఈ సారె మన డబ్బుతో మనమే కొనుక్కోవాలి.

మా తాతగారు పోయాక మావయ్యలిద్దరూ ఒక కాగితం, ఒక బరంపురం పట్టుచీర పట్టుకుని మా ఇంటికొచ్చారు. ‘నీకు తెలియందేముంది అక్కా’ అన్నారు. పెద్దబజారులో అదే పిలుపుకి వంద రూపాయలు వసూలు చేసే మా అమ్మ, ఆ రోజు ఏమీ అడక్కుండా సంతకం పెట్టి, వాళ్లకు టీ కలపడానికి లోపలికెళ్లింది.