ధవళేశ్వరం నంబర్లు నోటికొచ్చు, మన షాపు నంబర్లు రావు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. గోదావరి జిల్లాల్లో ఈ లెక్క బడి మొహం చూడని వాళ్లకీ తెలుసు. మొదటిది రాగానే లంకల్లో పశువుల్ని గట్టెక్కిస్తారు. ఏ నంబరుకి ఏం చేయాలో ముందే తేలిపోయి ఉంటుంది కాబట్టి అప్పటికప్పుడు తర్జనభర్జనలుండవు. అదే ఊళ్లో కోట్ల టర్నోవర్ చేసే వ్యాపారానికి మాత్రం ఇలాంటి నంబరు ఒక్కటీ ఉండదు. భీమవరంలో చిన్న వ్యాపారాల లెక్కలు చూసే నాకు ఇది ఎప్పటికీ మింగుడుపడదు. కోవిడ్ తర్వాతైనా మారతారనుకున్నా. మారలేదండీ.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి చాలా చెరువుల్లో రొయ్య పట్టుబడికి, అంటే పట్టి అమ్మే సమయానికి, దగ్గరపడింది. రొయ్యల్ని శుభ్రం చేసి ప్యాక్ చేసే ప్లాంట్లకి మనుషులు రారు, ఆటోల్లేవు, రేటు పడిపోయింది. చెరువులోనే ఉంచితే మేత ఖర్చు, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లకు కరెంటు. పట్టేస్తే సైజు రాని చిన్న రొయ్యనే తెగనమ్ముకోవాలి. ఏప్రిల్ 10న కేంద్ర హోంశాఖ ఆక్వా పనులకు మినహాయింపు ఇచ్చింది. కాగితం వచ్చినంత మాత్రాన షెడ్డులోకి మనుషులు రారు కదా!

నాకు తెలిసిన ఒక పీలింగ్ షెడ్డు (రొయ్య పొట్టు తీసే షెడ్డు) మాత్రం నిలబడింది. దాని యజమాని చేసింది ఇదీ: ఆడవాళ్లని ఊళ్లవారీగా రెండు బ్యాచ్‌లు చేశాడు. ఒక ఊరి ఆటోలో ఇంకో ఊరివాళ్లు ఎక్కకూడదు. ఒక బ్యాచ్ బయటికెళ్లి, బల్లలు కడిగాకే రెండోది లోపలికి. భోజనాలూ వేరే. తర్వాత ఒక బ్యాచ్‌లో పాజిటివ్ వస్తే ఆ ఒక్క బ్యాచే ఇంటికెళ్లింది, పని ఆగలేదు. ఇంట్లో ఉన్నవాళ్లకి సగం కూలి ఇచ్చాడు కూడా. అదే సమయంలో "పని లేదు, కూలి లేదు" అన్న వాళ్ల షెడ్లు తెరిచాక పాత చేతులు తిరిగి రాలేదు. కష్టకాలంలో ముందుగా కూలి కోసేసి దాన్ని పొదుపు అనుకునే యజమానులతో నాకు ఇప్పటికీ గొడవే.

రెండో వేవ్‌లో, 2021 మేలో, ఒక రొయ్య మేతల షాపు ఓనరు ఆసుపత్రిలో చేరారు. మన దగ్గర మేత పట్టుబడి దాకా అరువే. ఎవరికెంత ఇచ్చారో కొంత ఆయన చేతి పుస్తకంలో, కొంత ఫోన్‌లో, మిగతాది ఆయన బుర్రలో. పుస్తకంలో ఇంటిపేర్లు, పక్కన అంకెలు, మధ్యలో ఆయనకే అర్థమయ్యే గుర్తులు. ఫోన్ లాక్ కొడుక్కి తెలియదు. కంపెనీకి కట్టాల్సిన డబ్బు గడువు దాటుతోంది, వసూలు చేద్దామంటే ఎవర్ని అడగాలి? ఆ కుర్రాడు పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చి కూర్చుంటే ఆ టెన్షన్ చూడలేకపోయాను. దేవుడి దయ, ఆయన కోలుకుని ఇంటికొచ్చారు. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు.

అందుకే నేను అందర్నీ అడిగేది, గల్లాపెట్టె వెనకాల గోడకి ఒక కాగితం అంటించమని. జీతాలు, అద్దె, కరెంటు, బ్యాంకు వాయిదా కలిపి నెల ఖర్చు ఎంతో తేల్చండి. చేతిలో రెండు నెలలకి సరిపడా ఉంటే సరే. నెలన్నరకి దిగితే కొత్త సరుకు ఆపి, అరువు వసూలు మొదలుపెట్టాలి. నెలకి దిగితే వాయిదా తప్పకముందే బ్యాంకు గడప తొక్కాలి. అంకెలు మీ వ్యాపారాన్ని బట్టి మార్చుకోండి, కానీ రాయండి. మీరు లేకపోతే సంతకం ఎవరిది, అరువు లెక్క ఎక్కడుంది, మేతకి రెండో సప్లయర్ ఎవరు అన్నవీ అందులోనే ఉండాలి.

బ్యాంకు మాట ఊరికే అనలేదు. 2020లో ఆగస్టు 31 దాకా వాయిదాలు కట్టకుండా ఆగే వీలు, అదే మారటోరియం, ఇస్తే వడ్డీ మాఫీ అనుకున్నవాళ్లు ఎందరో. వాయిదా వాయిదా పడింది, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ మేలో కేంద్రం గ్యారంటీతో, పాత బాకీలో 20 శాతం అదనపు అప్పు ఇచ్చే పథకం వచ్చింది. ఫిబ్రవరి 29 నాటికి 60 రోజులు మించి బకాయి పడ్డవాళ్లకి అది అందలేదు. అంటే కోవిడ్ సాయం ఎవరికి దక్కాలన్నది లాక్‌డౌన్‌కి ముందే తేలిపోయిందన్నమాట.

"మళ్లీ కోవిడ్ వస్తుందా ఏంటి?" అంటారు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు ఏ రోగం వచ్చిందండీ? రొయ్య రైతుకీ ప్లాంటుకీ మళ్లీ అదే గుబులు.

ఇంకొందరు "ఇన్సూరెన్స్ ఉందిగా" అంటారు. మామూలుగా వ్యాపారం ఆగిన నష్టానికి ఇచ్చే పాలసీ, అగ్నిప్రమాదమో వరదో వచ్చి ఆస్తి దెబ్బతింటేనే పనిచేస్తుంది. బిల్డింగు చెక్కుచెదరకుండా ప్రభుత్వం షట్టర్ దింపమంటే రూపాయి రాదు. ఈసారి రెన్యువల్‌కి ఏజెంటు వచ్చినప్పుడు కాఫీ ఇచ్చి, ఆ క్లాజు ఎక్కడుందో చూపించమని అడగండి.