చేబ్రోలు యూదుల్నే రుజువు ఎందుకు అడుగుతారు?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదులున్నారని చెప్పి చూడండి. మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట "నిజం యూదులేనా?", రెండోది "ఇజ్రాయెల్ వీసా కోసం వేషాలులే" అని. అమెరికా వీసా రావాలని చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసే జనం మనం. వీసా కోరికను ఎగతాళి చేయడానికి మనమే దొరికామా!

సరే, అది వదిలేయండి. ఆ కొద్ది కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిమ్ అంటాయి. ఇశ్రాయేలు గోత్రాల్లో చెదిరిపోయిన ఎఫ్రాయిము గోత్రం తమదని వాళ్ల నమ్మకం. మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు, 1980ల నుంచి బాహాటంగా యూదు ఆచారాలు పాటిస్తున్నారు. వాళ్ల వంశ కథకు శాసనం లేదు, తాళపత్రం లేదు, ఒప్పుకుంటాను. మరి మనం "అసలు యూదులు" అని గౌరవంగా చెప్పుకునే మిగతావాళ్ల మూలకథలకు ఉన్నాయా?

మహారాష్ట్ర కొంకణ్ తీరంలోని బెనె ఇజ్రాయెల్ అనే యూదుల్ని తీసుకోండి. రెండు వేల ఏళ్ల కింద అలీబాగ్ దగ్గర నవగావ్ ఒడ్డున ఓడ పగిలిపోయిందట, ఏడుగురు మగవాళ్లు ఏడుగురు ఆడవాళ్లు బతికి బయటపడ్డారట, గ్రంథాలన్నీ సముద్రం పాలయ్యాయట. లెక్క అంత చక్కగా కుదిరిందంటేనే అది పురాణమని తెలియడం లేదూ? అదే తీరంలో చిత్పావన బ్రాహ్మణులకూ ఇలాంటి కథే ఉంది, ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలకు పరశురాముడు ప్రాణం పోశాడని. నాకు ఓడ కంటే ఆ తర్వాతి సంగతే అద్భుతంగా అనిపిస్తుంది. చేతిలో పుస్తకం లేదు, చెప్పేందుకు గురువు లేడు, అయినా శనివారం గానుగ ఆపేసేవారు, ఎనిమిదో రోజున మగపిల్లలకు సున్తీ చేసేవారు, పొలుసు లేని చేప ముట్టేవారు కాదు, తమకు గుర్తున్న ఒక్క 'షెమా' ప్రార్థననే పెళ్లికీ చావుకీ చదువుకునేవారు. ఊళ్లోవాళ్లు వాళ్లకు 'శనివార్ తేలీ' అని పేరు పెట్టారు, శనివారం పని చేయని నూనెగానుగ వాళ్లని. 2016లో వచ్చిన జన్యు పరిశోధన కూడా వాళ్లలో మధ్యప్రాచ్య యూదు మూలమూ, స్థానిక మూలమూ రెండూ ఉన్నాయనీ, అటు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా మగవాళ్లు, ఇటు కలిసినవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లనీ తేల్చింది. ఏడు జంటల కథలో ఈ ఆడవాళ్లు ఎక్కడా కనపడరు.

కేరళలోని కొచ్చిన్ యూదుల దగ్గర మాత్రం గట్టి ఆధారాలే ఉన్నాయి. సొలొమోను రాజు ఓడల్లో వచ్చామన్న కథ పక్కన పెట్టినా, 849 నాటి కొల్లం రాగిరేకుల మీద సాక్షి సంతకాల్లో కొన్ని హీబ్రూ అక్షరాల్లో ఉన్నాయి. సుమారు 1000లో చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు పల్లకీ, గొడుగు, పగటి దివిటీ, సుంకం మాఫీ లాంటి 72 హక్కులు రాగిరేకు మీద రాసిచ్చాడు, అవి కొడుకులకూ కూతుళ్లకూ అల్లుళ్లకూ కూడా చెల్లేలా.

అంత కాగితం, సారీ, అంత రాగి చేతిలో ఉండి ఏం చేశారు? స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమేస్తే వచ్చి చేరిన పరదేశి యూదులు 1568లో కొచ్చిన్‌లోని మట్టాంచేరిలో సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, కట్టుకుని, వాళ్లకంటే ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచి అక్కడున్న మలబారీ యూదుల్నే నల్లవాళ్లని, బానిసల సంతతని చిన్నచూపు చూశారు. విడుదలైన బానిసల పిల్లలు సినగాగ్‌లో బల్లల మీద కూర్చోకూడదు, నేల మీదో మెట్ల మీదో సర్దుకోవాలి. చివరికి ఆ వర్గం నుంచే వచ్చిన లాయరు ఎ.బి. సేలం సినగాగ్‌లోనే సత్యాగ్రహం చేయాల్సొచ్చింది! యూదు గాంధీ అని ఆయనకు పేరు. కులం ఎక్కడికైనా ఎలా దూరిపోతుందో చూడండి.

వంశశుద్ధి గురించి మాట్లాడేవాళ్లకు ఆషు సంగతి చెప్పాలనిపిస్తుంది. ట్యునీషియా నుంచి మంగళూరుకు వ్యాపారానికి వచ్చిన అబ్రహాం బెన్ యిజూ అనే యూదుడు 1132లో ఆషు అనే ఇక్కడి బానిస స్త్రీకి విడుదల పత్రం రాసిచ్చాడు. కైరోలోని పాత సినగాగ్ గదిలో దొరికిన కాగితాల్లో ఆ పత్రం ఉంది. ఆయన పిల్లల తల్లి ఆవిడేనని చరిత్రకారులు అంటారు. కూతురికి ఈజిప్టులో తండ్రి తోబుట్టువు కొడుకుతోనే పెళ్లి జరిగింది.

ఇక రాగిరేకులు లేనివాళ్ల పాట్లు చూడండి. ఇజ్రాయెల్ వెళ్లిన బెనె ఇజ్రాయెల్ వాళ్ల వంశం వివరాలు పెళ్లిళ్ల దగ్గర తవ్వి తీస్తామని 1960ల మొదట్లో అక్కడి మత పెద్దలు అన్నారు. నిరసనలు, సమ్మె అయ్యాక 1964లో గానీ ప్రభుత్వం వాళ్లను పూర్తి యూదులుగా ప్రకటించలేదు. చెదిరిపోయిన ఇంకో గోత్రం తమదనే మణిపూర్, మిజోరం బ్నెయ్ మెనాషే వాళ్లను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (యూదు మత గురువు) ఇశ్రాయేలు సంతతి అని ఒప్పుకుంటూనే, మళ్లీ మతం మార్పిడి తంతు చేయించుకోమన్నారు. చేబ్రోలు వాళ్లకు ఆ పాటి గుర్తింపూ లేదు.

నాకు మండేది ఇక్కడే. పశుమాంసం తినడం, చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టడం తమ పాత యూదు మూలానికి గుర్తులని చేబ్రోలు వాళ్లు చెబుతారు. తరతరాలుగా ఊరు వాళ్లను దూరం పెట్టడానికి వంక పెట్టింది కూడా ఆ తిండినే కదా! మాదిగలకు జాంబవంతుడి నుంచి మొదలయ్యే జాంబ పురాణం ఎప్పటినుంచో ఉంది. ఈ కొన్ని కుటుంబాలు ఇంకో మూలపురుషుణ్ణి చెప్పుకుంటున్నాయి, అంతే. ఎఫ్రాయిము కథను నేనూ పూర్తిగా నమ్మను, కానీ రుజువు అడగాల్సిందే అంటే ముందు మన గోత్రాల్లోని రుషుల కాగితాలు తెచ్చి టేబుల్ మీద పెట్టండి, తర్వాత చేబ్రోలు వెళ్దాం.