క్రైస్తవ బడిలో బైబిలు ఒక పీరియడు కాదు

టెక్సస్ శాసనసభ 2025లో ఆమోదించిన చట్టం వల్ల, 2026-27 విద్యా సంవత్సరం నుంచి ప్రైవేటు బడిలో చదివే పిల్లల ఖర్చుకు రాష్ట్ర ఖజానా నుంచి డబ్బు అందే ఏర్పాటు జరిగింది. మొదటి దశకు వంద కోట్ల డాలర్లు కేటాయించారు. ఎంపికైన విద్యార్థికి ఏడాదికి సుమారు 10,000 డాలర్లు వస్తాయి. డాలస్, హ్యూస్టన్ శివార్లలో స్థిరపడిన మన కుటుంబాల సంభాషణల్లో ఇంటికి దగ్గరలోని క్రైస్తవ ఎలిమెంటరీ స్కూలు ప్రస్తావన ఇప్పుడు తరచుగా వస్తోంది. క్లాసులో పిల్లలు తక్కువ, క్రమశిక్షణ ఎక్కువ, చదవడం రాయడం గట్టిగా నేర్పుతారు, ఇక బైబిలు సంగతంటారా, మనమూ కాన్వెంట్లలోనే చదువుకున్నాం కదా అన్నది అక్కడ వినిపించే వాదన. అందులో చివరి మాటతోనే నాకు పేచీ.

మనం గుంటూరులోనో విజయవాడలోనో సికింద్రాబాదులోనో చదివిన కాన్వెంటులో క్యాథలిక్ పిల్లలకు కాటకిజం, అంటే వారి మతపాఠం, చెబుతుంటే మిగిలినవారికి అదే సమయంలో మోరల్ సైన్సు చెప్పేవారు. ఉదయం అసెంబ్లీలో ప్రార్థన, డిసెంబరులో యేసు పుట్టుకను చూపే పశువుల పాక బొమ్మలు, అంతటితో సరి. లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రం పుస్తకాలు మాత్రం ప్రభుత్వమో బోర్డో నిర్ణయించినవే. పదో తరగతి పరీక్ష అందరికీ ఒకటే కనుక మతం ఆ పుస్తకాల్లోకి రావడానికి దారి లేదు. అమెరికాలోని ప్రొటెస్టంటు ప్రైవేటు బడి అలాంటిది కాదు. అక్కడ ఏ పుస్తకం చెప్పాలో టెక్సస్ ప్రభుత్వం నిర్దేశించదు. ప్రభుత్వ బడుల పిల్లలు రాసే స్టార్ పరీక్ష వారికి తప్పనిసరి కాదు. ప్రభుత్వ డబ్బు తీసుకున్నంత మాత్రాన మతబోధనను మార్చుకోనవసరం లేదని కొత్త చట్టమే హామీ ఇచ్చింది.

ఇలాంటి బడుల్లో విరివిగా వాడే పుస్తకాలు ఫ్లోరిడాలోని పెన్సకోలా నుంచి వచ్చే అబెకావి, దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్ నుంచి వచ్చే బీజేయూ ప్రెస్‌వి. ఈ రెండూ 1970ల తొలినాళ్లలో మొదలయ్యాయి. ప్రభుత్వ బడిలో అధికారికంగా ప్రార్థన చేయించకూడదని 1962లోనూ, భక్తిపూర్వకమైన బైబిలు పఠనం చేయించకూడదని 1963లోనూ సుప్రీం కోర్టు తీర్పులు ఇచ్చాక, తమ పిల్లల చదువంతా తమ విశ్వాసం పునాది మీదే నిలవాలని కోరుకున్నవారు వీటిని ఆదరించారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల పక్కన తమ పిల్లలను కూర్చోబెట్టడం ఇష్టంలేక బడులు పెట్టినవారు కూడా ఆ కాలంలో ఉన్నారు. బీజేయూ ప్రెస్‌కు మాతృసంస్థ అయిన బాబ్ జోన్స్ విశ్వవిద్యాలయం, వేర్వేరు జాతుల విద్యార్థుల మధ్య ప్రేమ వ్యవహారాలను నిషేధించినందుకు పన్ను మినహాయింపు కోల్పోవడం సరైనదేనని 1983లో సుప్రీం కోర్టు చెప్పింది; ఆ నిషేధాన్ని ఆ సంస్థ 2000లో గానీ ఎత్తివేయలేదు. నేటి బడులను ఆ పాపానికి బాధ్యులను చేయడం అన్యాయమే అయినా, మన రంగు పిల్లలను పంపేవారు ఈ చరిత్ర తెలుసుకుని పంపడం మంచిది.

ఇప్పుడు తరగతి గదిలోకి వెళదాం. చాలా బడుల్లో ఐదారేళ్ల పిల్లవాడి ఉదయం మూడు ప్రతిజ్ఞలతో మొదలవుతుంది: ఒకటి అమెరికా జెండాకు, ఒకటి క్రైస్తవ జెండాకు, ఒకటి బైబిలుకు. తరువాత సృష్టి, నోవహు ఓడ, దావీదు, దానియేలు కథలు బొమ్మల అట్టలతో చెబుతారు. వారం వారం ఒక కంఠత వాక్యం, వారానికొకసారి చాపెల్ ఆరాధన ఉంటాయి. అయితే అసలు సంగతి వీటిలో లేదు. లెక్కల్లో క్రమం ఉన్నది దేవుడు క్రమం కలవాడు కనుకనే అని చెబుతారు. ఆకు గురించిన పాఠం దాన్ని చేసినవాడిని స్తుతించడంతో ముగుస్తుంది. చూచిరాతకు ఇచ్చే వాక్యం కూడా తరచు లేఖనమే అవుతుంది. బైబిలును ఒక పీరియడుకు పరిమితం చేయకుండా ప్రతి సబ్జెక్టులోనూ కలిపి చెప్పడమే తమ ప్రత్యేకత అని ఆ బడులు తమ వెబ్‌సైట్లలో దాపరికం లేకుండా రాసుకుంటాయి. వారు చెబుతున్నదాన్ని మనం నమ్మకపోవడమే ఇక్కడి చిక్కు. ఫోనిక్స్ (అక్షరాల ధ్వనులు కలిపి చదవడం నేర్పే పద్ధతి) తీసుకుని మిగిలినది వదిలేద్దాం అనుకునేవారికి అలా విడదీసుకునే వీలు ఆ పాఠ్యప్రణాళికలో లేదు.

ఫోనిక్స్ మాత్రం బాగా నేర్పుతారని ఒప్పుకోవాలి. హల్లుకు అచ్చును చేర్చి 'బ' ధ్వనితో ఐదు అచ్చులనూ వరుసగా పలికించి, ఆ పైన ముగింపు ధ్వనిని కలిపి మాట కట్టించే అబెకా పద్ధతి చూస్తే, మన గుణింతమే ఇంగ్లీషు వేషం వేసుకుని వచ్చినట్టుంటుంది. శతకపద్యాలు అర్థానికి ముందే నోటికి వచ్చిన తరానికి కంఠస్థం చేయించే బడి అంటే గౌరవం సహజం; నాకూ ఉంది. కానీ ఈ ఒక్క కారణంతోనే అక్కడికి పరుగెత్తనవసరం లేదు. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి దాకా క్రమబద్ధమైన ఫోనిక్స్ చెప్పి తీరాలని టెక్సస్ ప్రభుత్వ బడులకు 2019 నాటి చట్టమే విధించింది.

సైన్సు దగ్గరికి వచ్చేసరికి తల్లిదండ్రులు నిజంగా ఆగి ఆలోచించాలి. పై రెండు సంస్థల పుస్తకాల్లోనూ భూమి వయసు వేల సంవత్సరాలే. ఆరు దినాల సృష్టి అక్షరాలా ఆరు రోజులే. రాకాసి బల్లులూ మనుషులూ ఒకే కాలంలో బతికారు. ఏడేళ్ల పిల్లవాడు డాలస్ మ్యూజియంలో ఎముకల పక్కన కోట్ల సంవత్సరాల లెక్క చదివి, రెండింటిలో ఏది నిజమని తండ్రిని అడుగుతాడు. ఈ ప్రశ్న హిందూ తండ్రికే ఎదురవుతుందనుకోకూడదు. క్యాథలిక్ బడుల సంగతి వేరు. పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ కాదని పోపు రెండో జాన్ పాల్ 1996లోనే అన్నారు. లూథరన్లలో మాత్రం మనవారికి తెలియని మెలిక ఒకటుంది. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లోని ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవారు ఇక్కడ లూథరన్ అన్న బోర్డు చూసి తమ ఇంటి బడే అనుకుంటారు. అమెరికాలోని లూథరన్ ఎలిమెంటరీ బడుల్లో అత్యధికం మిస్సోరి సినడ్ అనే లూథరన్ శాఖవి. ఆ సినడ్, మన సంఘం సభ్యురాలైన ప్రపంచ లూథరన్ సమాఖ్యలో చేరలేదు. సృష్టిని అక్షరార్థంలోనే బోధిస్తుంది. సొంత మతమే కదా అన్న ధీమాతో పుస్తకం తెరవకపోవడం తెలుగు క్రైస్తవ కుటుంబాలకు కూడా తగదు.

చరిత్ర పాఠాల గురించి నా అభ్యంతరం మరింత సున్నితమైనది. భారతదేశం ఈ బడుల్లోని చిన్న పిల్లలకు తరచుగా మిషనరీ జీవితకథల ద్వారానే పరిచయమవుతుంది. 1793లో బెంగాలు చేరిన విలియం కేరీ, తమిళనాడులోని దోనావూరులో అనాథ పిల్లలను పెంచిన ఏమీ కార్మైకేల్ గొప్పవారే. వారి సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ కథల్లో మన దేశం వెలుగు కోసం ఎదురుచూసే చీకటిగానే కనిపిస్తుంది. అమ్మమ్మ రోజూ దీపం పెట్టడం వీడియో కాల్‌లో చూసే పిల్లవాడు దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు? మూడు తరాలుగా క్రైస్తవంలో ఉన్న పిల్లకైనా తన ముత్తాతలు ఎప్పుడూ బోధ పుచ్చుకునేవారిగానే కనిపిస్తారు తప్ప బోధించేవారిగా కనిపించరు. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య తెలుగు పల్లెల మధ్య, దోర్నకల్‌లో పనిచేశారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న గుఱ్ఱం జాషువ వినుకొండవాడు. ఈ పేర్లను టీచరుకు అందించే పని ఆ బడిలో పిల్లలున్న తెలుగు క్రైస్తవ తల్లిదండ్రులే చేయగలరు; మర్యాదగా అడిగితే ఎంతోమంది టీచర్లు సంతోషంగా చెబుతారు కూడా.

బడి తన పాఠ్యప్రణాళికను మన కోసం మార్చుకోవాలని నేను అనడం లేదు. పిల్లలను ప్రభుత్వ బడికే పంపాలని నిర్బంధించకూడదని 1925లోనే సుప్రీం కోర్టు తేల్చింది; నచ్చిన బడి పెట్టుకునే హక్కు వారిది, నచ్చకపోతే చేర్చకుండా ఉండే హక్కు మనది. కొన్ని బడులు తల్లిదండ్రుల్లో కనీసం ఒకరైనా విశ్వాసి అయి ఉండాలని, పాస్టరు ఉత్తరం తేవాలని కోరతాయి. అన్ని మతాలవారినీ చేర్చుకునే బడులు సైతం తమ విశ్వాస ప్రకటనకు వ్యతిరేకంగా పనిచేయబోమని హ్యాండ్‌బుక్‌లో సంతకం చేయిస్తాయి. ఆ సంతకాన్ని యాప్ నిబంధనలకు నొక్కినట్టు నొక్కేయడం పిల్లల చదువు విషయంలో చేయదగిన పని కాదు. పిల్లవాడికి మాట ఆలస్యమైనా, చదవడంలో ఇబ్బంది ఉన్నా ఇంకొకటి గమనించాలి: సమాఖ్య చట్టం కింద ప్రభుత్వ బడిలో దక్కే వ్యక్తిగత విద్యా ప్రణాళిక ప్రైవేటు బడిలో హక్కుగా దక్కదు.

దరఖాస్తు రుసుము కట్టే ముందు బడి ఆఫీసుకు వెళ్లి, రెండో తరగతి సైన్సు పుస్తకమూ చరిత్ర పుస్తకమూ చూడనివ్వమని అడగండి. తరగతి గదిలో ఒక పూట కూర్చునే అవకాశం ఉంటే కూర్చోండి. మా ఇంట్లో వేరే విశ్వాసం ఉంది, దాని గురించి పిల్ల అడిగితే మీరేమి చెబుతారు అని టీచరును సూటిగా అడగండి. ఆవిడ ఇచ్చే జవాబును బట్టి ఆ బడిలో పిల్లను చేర్చాలో వద్దో భార్యాభర్తలిద్దరూ ఇంటికి వచ్చి మాట్లాడుకోవచ్చు.