ల్యాప్‌టాప్ మార్చకండి, ర్యామ్ పెంచండి

భీమవరంలోనో కాకినాడలోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలు రెండో ఏడాదికి వచ్చేసరికి ఇంట్లో ఒకటే మాట: ల్యాప్‌టాప్ స్లో అయిపోయింది, కొత్తది కొనాలి. షాపుకు వెళ్తే వాళ్లదీ అదే పాట. మూడేళ్లయింది కదా, మార్చేయండి, పాతది ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటాం అంటారు. నాలుగైదేళ్ల లోపు మెషీన్‌కు, అందులోనూ లోపల ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే మెమరీ) పెట్టే స్లాట్ ఖాళీగా ఉన్నదానికి, ఈ సలహా శుద్ధ తప్పు. 8 జీబీని 16 చేస్తే అదే ల్యాప్‌టాప్ డిగ్రీ చేతికొచ్చేదాకా నడుస్తుంది, ఆ తర్వాత ఉద్యోగంలోనూ కొన్నాళ్లు పనికొస్తుంది. అయితే కొరత మెమరీదేనా, కాదా అన్నది డబ్బు తీసే ముందే తేల్చుకోవాలి. అది తేల్చడానికి పది నిమిషాలు చాలు.

రోజూ చేసే పనంతా ఒకేసారి తెరిచి పెట్టండి. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో, అందులో ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్, క్రోమ్‌లో పదిహేను ఇరవై ట్యాబులు, ఆన్‌లైన్ క్లాసు, ఏవుంటే అవి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. చాలామంది అక్కడ 80 శాతం అన్న అంకె చూసి కంగారు పడతారు. ఆ ఒక్క అంకెతో ఏదీ తేలదు. చూడాల్సింది కమిటెడ్ అన్న చోట, అది ప్రోగ్రాములన్నీ తమకని రాయించుకున్న మెమరీ. అక్కడ గీతకు ఎడమవైపు ఉన్న అంకె మీ అసలు ర్యామ్‌ను దాటి, పని చేస్తున్నంతసేపూ అక్కడే ఉంటే కొరత ఉందని అనుమానించాలి. 8 జీబీ మెషీన్‌లో అది 12 చూపిస్తుంటే మిగతా భారాన్ని చాలావరకు కంప్రెషన్ (మెమరీలో ఉన్నదాన్ని కుదించడం), డిస్క్ మోస్తుండవచ్చు. ఇంకా అనుమానం ఉంటే రిసోర్స్ మానిటర్ తెరిచి మెమరీ ట్యాబులో హార్డ్ ఫాల్ట్స్ గ్రాఫ్ చూడండి, కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి ఎన్నిసార్లు తెస్తోందో అది చెబుతుంది. ప్రోగ్రామ్ తెరిచినప్పుడు అది ఒక్కసారి ఎగిరి పడిపోతే సమస్య లేదు. విండో మార్చిన ప్రతిసారీ వందల్లోకి లేస్తుంటే ర్యామ్ వేయించాల్సిందే.

డిస్క్ నూరు శాతం, మెమరీ 55 శాతం చూపిస్తే దారి వేరు. ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ ఉండి ఉంటుంది. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే డిస్క్, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను సెకనుకు వంద సార్లు కూడా చదవలేదు. తిరిగే భాగాలే లేని మామూలు సాటా ఎస్ఎస్‌డీ ఆ పనిని వేల సార్లు చేస్తుంది. అక్కడ ముందు ఎస్ఎస్‌డీ, తర్వాతే ర్యామ్. ఈ వరస తిప్పి ఖర్చు పెట్టినవాళ్లే ‘ర్యామ్ వేయించినా తేడా లేదు’ అని చెబుతుంటారు.

ర్యామ్ వేసినా ఫలితం దక్కని చోట్లు ఇంకో రెండున్నాయి. పాత డీటీపీ సెంటర్లలో 32 బిట్ విండోస్ 7 ఇప్పటికీ కనిపిస్తుంది. దానికి 8 జీబీ వేసినా మూడు జీబీ చిల్లర మాత్రమే వాడుకోగలదు. రెండోది ఎక్సెల్. చెరువుల వారీగా మేత, కౌంట్, మందుల ఖర్చు ఏళ్ల తరబడి ఒకే ఫైల్లో పేర్చుకున్న రొయ్యల వ్యాపారులు డెల్టాలో ఎంతోమంది. ఫైల్ తెరవగానే మెమరీ చాలదని మెసేజ్ వస్తే ర్యామ్ కొనకండి. అకౌంట్ మెనూలో అబౌట్ ఎక్సెల్ నొక్కి అది 32 బిట్‌దా, 64 బిట్‌దా చూడండి. 32 బిట్ ఎక్సెల్ ఎంత పెద్ద మెషీన్‌లోనైనా 4 జీబీ గీత దాటలేదు. ఆఫీస్‌ను తీసేసి 64 బిట్‌ది వేసుకుంటే పైసా ఖర్చు లేకుండా పని జరుగుతుంది.

ఇక పెళ్లి ఆల్బమ్‌ల స్టూడియోలు. ర్యామ్ విలువ ఇక్కడ తెలిసినంతగా మరెక్కడా తెలియదు. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు షీట్‌ను అంగుళానికి 300 పిక్సెళ్ల రిజల్యూషన్‌లో వేస్తే 3,600 గుణించు 10,800, అంటే దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కు మూడు బైట్లు పట్టే 8 బిట్ ఆర్జీబీలో నిండుగా ఉన్న ఒక్క లేయరే 117 ఎంబీ. అలాంటివి ముప్పై ఉంటే మూడున్నర జీబీ, దాని పైన, చేసిన మార్పులు వెనక్కి తీసుకోవడానికి దాచే హిస్టరీ. ఫోటోషాప్ కింది పట్టీలో ఎఫిషియెన్సీ అన్నది ఎంచుకుని చూడండి. అది 100 నుంచి దిగిందంటే ఫోటోషాప్ ర్యామ్ చాలక స్క్రాచ్ డిస్క్ (డిస్క్‌లోని తాత్కాలిక చోటు) మీద పడి పని చేస్తోందని అర్థం. మాఘమాసం ముహూర్తాల రద్దీలో, రోజుకు పదుల షీట్లు తీయాల్సిన స్టూడియోకు 16 కూడా ఇరుకే. 32 వేయించుకోవాలి.

స్లాట్ ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలోనే స్లాట్స్ యూజ్‌డ్ అని, ఫామ్ ఫ్యాక్టర్ అని ఉంటాయి. సోడిమ్ అని ఉంటే విప్పి మార్చుకునే స్టిక్. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకు అతికించేసిన చిప్పులు. ఈ స్లాట్ల లెక్కను టాస్క్ మేనేజర్ ఒక్కోసారి తప్పు చెబుతుంది, దాన్ని నమ్మి స్టిక్ కొనేయకూడదు. హెచ్‌పీ, డెల్, లెనోవో మూడూ తమ మోడళ్ల సర్వీస్ మాన్యువళ్లను ఉచితంగా నెట్లో పెడతాయి. మెమరీ ఎలా తీయాలో బొమ్మలతో సహా వాటిలో ఉంటుంది. గరిష్ఠంగా ఎంత వేయవచ్చో మోడల్ వివరాల్లో ఉంటుంది.

ఏ స్టిక్ కొనాలి? ల్యాప్‌టాప్ ర్యామ్ తరాల్లో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. గాడి ఉన్న చోటు వేరు కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి కూర్చోదు. డీడీఆర్3లో మాత్రం ఒక చిక్కుంది. 1.5 వోల్టుల మామూలుదీ, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తక్కువ వోల్టేజీ అడిగే మెషీన్‌లో మామూలుది పెడితే స్క్రీన్ రాదు. వేర్వేరు వేగాల స్టిక్కులు కలిపితే రెండూ తక్కువ వేగానికే నడుస్తాయి. 2666 పక్కన 3200 పెట్టినా నడుస్తుంది, 2666కే నడుస్తుంది. లేబుల్ మీద 1ఆర్ఎక్స్8, 1ఆర్ఎక్స్16 అని ఉంటుంది. 8 జీబీలో మొదటిదానికి ఎనిమిది చిప్పులు, రెండోదానికి నాలుగే. ఎంచుకునే వీలుంటే మొదటిదే తీసుకోండి, వేగంలో కొంత తేడా ఉంది.

ఒకే 8 జీబీ స్టిక్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కు రెండోది వేస్తే వచ్చే లాభం 8 జీబీతో ఆగదు. డీడీఆర్4 3200 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు 25.6 జీబీ అందుతుంది. రెండుంటే రెండు చానళ్లూ (మెమరీకి, ప్రాసెసర్‌కు మధ్య దారులు) కలిసి 51.2. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ఈ మెమరీలోంచే తింటుంది కాబట్టి ఆటలు, వీడియో ఎడిటింగ్ కంటికి కనిపించేంత మెరుగవుతాయి. బోర్డు మీద 4 జీబీ అతికించి, పక్కన ఒక స్లాట్ ఇచ్చిన మోడళ్లలో 8 వేస్తే మొత్తం 12. అందులో 8 జీబీ రెండు చానళ్ల మీద, మిగతా 4 ఒకే చానల్ మీద నడుస్తుంది. అదీ మంచి బేరమే.

వేసే పద్ధతి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల మామూలు షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి. చార్జర్ తీసేయండి. స్క్రూలు ఒకే పొడుగుండవు, తీసిన వరసలోనే కాగితం మీద పేర్చుకోవాలి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. కొన్నిటికి రబ్బరు కాళ్ల కింద రెండు స్క్రూలు దాగి ఉంటాయి, అవి తీయకుండా లాగితే మూత పగులుతుంది. మూత తీశాక మొట్టమొదట ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టర్. తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి ఉంచాలి. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, స్టాటిక్ కరెంటు భయం తక్కువే. ఇక్కడ అసలు శత్రువు చేతి చెమట. స్టిక్‌ను అంచులతోనే పట్టుకోండి, బంగారు రంగు కాంటాక్టులకు వేలు తగలనివ్వకండి. దాదాపు 30 డిగ్రీల వాలుగా, బంగారు గీత దాదాపు కనబడనంత లోపలికి తోసి, ఆ తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమంటాయి. సగం దూరిన స్టిక్‌ను కిందికి నొక్కేయడమే అందరూ చేసే పొరపాటు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా ఉంటే కంగారు పడి బటన్ నొక్కేయకండి. కొత్త మెమరీకి తగ్గట్టు బోర్డు తనను సర్దుకోవడానికి, ముఖ్యంగా డీడీఆర్5లో, కొన్ని నిమిషాలు పడుతుంది. అప్పటికీ రాకపోతే స్టిక్ తీసి మళ్లీ పెట్టడం, ఒక్కొక్కటే పెట్టి చూడటం, స్లాటు మార్చడం, ఇదే వరస. సముద్రం దగ్గరి ఊళ్ల మెషీన్లలో స్లాట్‌కు మకిలి పడుతుంది. కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే కొన్ని కేసులు అక్కడే తీరిపోతాయి. వచ్చిందని సంబరపడి మూత బిగించేయకుండా ఆ రాత్రి మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాసులు నడపండి. ఒక్క ఎర్ర గీత కనిపించినా స్టిక్ వెనక్కిచ్చేయాల్సిందే. చెడ్డ స్టిక్ బ్లూ స్క్రీన్‌తో బయటపడితే అదృష్టం. పడకపోతే ఫైళ్లను చడీచప్పుడు లేకుండా పాడుచేస్తుంది. షాపులో ఉండగానే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో, స్టిక్ వివరాలు చూపే ఎస్‌పీడీ ట్యాబ్ తెరిపించి తయారీదారు పేరు, వేగం, తయారైన వారం పైన స్టిక్కర్‌తో సరిపోలాయో లేదో చూసుకోండి.

ర్యామ్ పెంచడం దండగ అనేవాళ్ల వాదనలో కొంత నిజం ఉంది. 2025 చివరి నుంచి మెమరీ ధరలు రెట్టింపు దాటి పోయాయి. ఏఐ డేటా సెంటర్లు చిప్పులను ఎగరేసుకుపోతున్నాయి. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మడం మానేస్తున్నట్టు చిప్పుల తయారీ కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగింది, ఇంటెల్ ఏడో తరం, అంతకంటే పాత ప్రాసెసర్లలో దాదాపు అన్నిటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. అలాంటి మెషీన్‌కు ఖర్చు వద్దన్న మాట నేనూ ఒప్పుకుంటాను, లినక్స్ వేసుకునేవాళ్లకు తప్ప. కానీ ధరలు పెరిగాయని కొత్త ల్యాప్‌టాప్ కొనమనడం ఏం లెక్క? కొత్తదాంట్లో ఉండేదీ అదే మెమరీ, అదే పెరిగిన ధర. ఒక్క 8 జీబీ స్టిక్ కొనండి, చాలు. బోర్డు పోయిన ల్యాప్‌టాప్ నుంచి తీసిన పాత స్టిక్ అయినా మెమ్‌టెస్ట్ గట్టెక్కితే నిశ్చింతగా వాడొచ్చు. వాడకంతో అరిగిపోయే వస్తువు కాదది.

ఇంతకంటే పెద్ద ప్రశ్న, స్లాటే లేని ల్యాప్‌టాప్‌లు మన షాపుల్లో ఎందుకిన్ని ఉన్నాయన్నది. అతికించిన ఎల్‌పీడీడీఆర్ మెమరీ తక్కువ కరెంటు తింటుంది, వేగంగా ఉంటుంది, మెషీన్ పలచగా వస్తుంది అంటారు. నిజమే. అయినా ఆ మూడూ ఉండి కూడా విప్పి మార్చుకోగల క్యామ్2 ప్రమాణాన్ని, మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ జెడెక్ 2023 డిసెంబరులోనే ప్రచురించింది, 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో ఆ తరహా మెమరీ వచ్చింది కూడా. సాధ్యం కాక కాదు. 8 జీబీ అతికించిన ల్యాప్‌టాప్‌కు మూడేళ్లలో ఇంకొకటి అమ్ముడవుతుంది. స్లాట్ ఉన్నదానికి ఒక్క స్టిక్కే అమ్ముడవుతుంది. కంపెనీల లెక్క అంతే.

1852లో ఆనకట్ట పూర్తయిన ధవళేశ్వరం దిగువన ఏటా వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేస్తారు. పూడిక తీయడానికి, షట్టర్లు బాగు చేయడానికి. బాగుచేసుకోవాల్సి వస్తుందని ముందే తెలిసి దానికంటూ ఏడాదిలో కొన్ని వారాలు కేటాయించిన వ్యవస్థ కాబట్టే డెల్టా నేటికీ రెండు పంటలు పండిస్తోంది. యాభై వేలు పోసి కొనే ల్యాప్‌టాప్‌కు ఆ ఆలోచన ఉండకూడదా? ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ ధర పక్కనే దాన్ని ఎంత తేలిగ్గా రిపేరు చేయవచ్చో పదికి మార్కులు వేసి చూపించాలి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, రిపేరబిలిటీ ఇండెక్స్ మీద 2025 మేలో ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది. అది మొదట స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్ల గురించే చెప్పింది. ల్యాప్‌టాప్‌లనూ ఆ మొదటి విడతలోనే చేర్చాలి. విద్యార్థి కుటుంబానికి ఫోన్ కంటే పెద్ద ఖర్చు ల్యాప్‌టాపే.

చట్టం వచ్చేదాకా ఎదురుచూడనక్కర్లేదు. కౌన్సెలింగ్ అయిపోగానే మన కాలేజీలు కొత్త విద్యార్థులకు ఫలానా ప్రాసెసర్, ఇంత స్టోరేజీ ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చుకోమని సూచిస్తుంటాయి. అందులో ‘కనీసం ఒక ఖాళీ సోడిమ్ స్లాట్’ అని చేర్చడానికి ప్రిన్సిపాల్ సంతకం చాలు. ప్రభుత్వ కార్యాలయాల టెండర్లలోనూ ఈ షరతు పెట్టొచ్చు. వేల సంఖ్యలో కొనేవాళ్లు అడిగితే కంపెనీలు ఇస్తాయి. విడిగా కొనే తల్లిదండ్రులు బిల్లు మీద మూడు విషయాలు రాయించుకోవాలి: మొత్తం స్లాట్లు ఎన్ని, ఖాళీవి ఎన్ని, గరిష్ఠంగా ఎంత మెమరీ వేయవచ్చు. మూత విప్పి ర్యామ్ వేసినంత మాత్రాన వారంటీ పోతుందా అన్నది కూడా కంపెనీ సర్వీస్ సెంటర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోవాలి. ఇవన్నీ చూసుకున్నాక కూడా స్లాట్ లేని పలచటి మోడలే కావాలంటే, 16 జీబీకి తక్కువదాన్ని మాత్రం ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండి.